ఇరవై ఏడో నంబరు కాగితం

మా మనవరాలు భూమిక ఇప్పుడు నాతో తెలుగులో మాట్లాడదు. ఇందుకు బాధ్యత దాని బడిది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అది మూగనోమేమీ పట్టలేదు. ఇంగ్లీషులో చక్కగా మాట్లాడుతుంది. "గ్రాండ్‌ఫాదర్, డిన్నర్ ఈజ్ రెడీ" అంటుంది. పదేళ్ల పిల్ల. బ్యాంకు నుంచి ఫోన్ చేసే అమ్మాయిలా మర్యాదగా అంటుంది. నేను వెళ్లి తింటాను.

బడి పేరు రాయను. పేరు చివర ఇంటర్నేషనల్ అని ఉంటుంది. తార్నాకలో ఒక సందులో ఉంటుంది. స్కూలు బస్సు లోపలికి రావాలంటే కూరగాయల బండి వెనక్కి పోవాలి. ఆ మేరకు అది అంతర్జాతీయం.

అక్కడ ప్రతి వారానికీ ఒక పేరు పెడతారు. పోయిన నెలలో ఒక వారం పేరు ‘వేర్లు, రెక్కలు’. సోమవారం పిల్లలంతా ఆకుపచ్చ బట్టలు వేసుకోవాలి. భూమికకు ఆకుపచ్చ గౌను లేదు. మా కోడలు జ్యోతిర్మయి ఆదివారమంతా హబ్సిగూడలో తిరిగి ఒకటి కొనుక్కొచ్చింది. మంగళవారం నిప్పు లేని వంట. అటుకుల్లో పెరుగు కలిపి దానికి ఇంగ్లీషు పేరు పెట్టారు. బుధవారం ఐక్యరాజ్యసమితి. అందులో భూమిక నార్వే. గురువారం మాతృభాష. మాతృభాషకు ఒక రోజు, ఆకుపచ్చ రంగుకు ఒక రోజు.

ఈ వార్తలన్నీ శుక్రవారం సాయంత్రం బులెటిన్ పేరుతో తల్లిదండ్రుల ఫోన్లకు వస్తాయి. నేను కోడలి ఫోన్ తీసుకుని ఆ బులెటిన్‌లో తప్పులు లెక్కపెడతాను. పదకొండుకు తగ్గిన వారం లేదు. నాకు వేరే పని లేదు.

యూనివర్సిటీ ప్రెస్సులో ముప్పై రెండేళ్లు ప్రూఫులు దిద్దాను. మాది జనగామ దగ్గర పల్లె. ఊళ్లో బడి అంటే ఒక గది, ఒక పంతులు, ఒక బెత్తం. ‘గట్ల’ అంటే ఒక దెబ్బ. ‘గాడ’ అంటే రెండు. ఐదో తరగతికల్లా ‘అలా’, ‘అక్కడ’ అనడం నేర్చుకున్నాను. ఆ పంతులు నాకు అన్నం పెట్టాడని నలభై ఏళ్లపాటు కనబడిన ప్రతివాడికీ చెప్పాను. ఎవరూ అడగలేదు.

నా భార్య పోచమ్మ పోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి ఇంట్లో దిద్దడానికి ఎవరూ లేరు. కొడుకు దివాకర్ పొద్దున పోయి రాత్రి వస్తాడు. కోడలు నేను నోరు తెరిస్తే మిక్సీ వేస్తుంది.

ఆ సోమవారం పొద్దున యూనివర్సిటీ క్యాంపస్‌లో నడుస్తున్నాను. ఆర్ట్స్ కాలేజీ ముందర ఒకావిడ ఎదురొచ్చింది.

"నమస్తే సార్. గుర్తు వట్టిండ్రా? నేను కరుణ. నా థీసిస్ పుస్తకం అచ్చయినప్పుడు ప్రూఫులు మీరే చూసిండ్రు."

"నూట డెబ్బై పేజీలు. ‘శ’కూ ‘ష’కూ తేడా లేని పుస్తకం."

"అబ్బ! ఇంకా యాదున్నదా సార్?" అని ఆమె నవ్వింది.

"తప్పులు గుర్తుంటాయి."

ఆమె ఇప్పుడు ఆ బడిలోనే తెలుగు టీచరు. నిలబడే విషయం చెప్పింది. "గురువారం కోసం ‘మా ఇంటి మాట’ అని పోటీ పెట్టినం సార్. ఒక్కో పిల్ల ఒక్కో మాట గురించి పేజీ రాస్తది. జడ్జి కావాలె. మీకంటె తప్పులు వట్టేటోళ్లు ఎవలున్నరు సార్, ఈ క్యాంపస్‌ల?"

నేను గడియారం చూసుకున్నాను, తీరిక లేనివాడిలాగా.

"ఒక్క మాట సార్. మీ పిల్లలెవలన్న మా స్కూల్ల చదువుతున్నరా? చదివితే జడ్జిగ పెట్టనీకి లేదు. ప్రిన్సిపల్ మేడం రూలు."

"ఎవరూ లేరు" అన్నాను.

మూడేళ్లుగా ఎవరూ నా చేతికి ఎర్ర పెన్ను ఇవ్వలేదు. అందుకే అబద్ధమాడాను. ఇంతకంటే గొప్ప కారణం ఉంటే బాగుండేది.

జడ్జి ఎవరో శుక్రవారం దాకా చెప్పకూడదన్నారు. మంచిదే అనుకున్నాను. ఇంట్లో చెప్పలేదు.

బుధవారం మధ్యాహ్నం వాళ్ల లైబ్రరీలో కూర్చోబెట్టారు. కుర్చీ ఒకటో తరగతి పిల్లలది. మోకాళ్లు గడ్డానికి తగిలాయి. కరుణ ఫొటో తీసింది. నలభై ఒక్క కాగితాలు ఇచ్చింది. పేర్లు లేవు, నంబర్లే. ఎర్ర పెన్ను నాదే, జేబులో తీసుకెళ్లాను.

పన్నెండు మంది ‘అమ్మ’ గురించి రాశారు. పన్నెండింటిలోనూ కామా ఒకే చోట ఉంది. తొమ్మిదో నంబరు ‘జ్ఞానం’ గురించి. ఒక్క తప్పు లేదు. ఏ తల్లో కూర్చుని రాసిపెట్టిందని చూడగానే తెలుస్తుంది. తప్పు లేకపోవడం తప్ప అందులో ఇంకేమీ లేదు. మొదటి బహుమతి ఇచ్చాను.

ఇరవై ఏడో నంబరు పైన ‘బుగులు’ అని ఉంది. కింద ఇలా ఉంది: ‘బుగులు అంటే భయం గాదు. కుక్కను జూస్తె అయ్యేది భయం. కుక్క లేకున్నా అయ్యేది బుగులు.’

నా వీపు మీద బెత్తం పడ్డట్టయింది. బెత్తం పడితే ఏం చేయాలో నాకు ఒకటే తెలుసు. శీర్షిక చుట్టూ ఎర్ర గీత గీశాను. పక్కన మా ప్రెస్సు గుర్తు వేశాను. తీసేయమని చెప్పే గుర్తు అది, తోక ఉన్న సున్నా. దాని పక్కన రాశాను: ‘ఇది మాట కాదు. భయం అని రాయాలి. భాష అశుద్ధం.’ మార్కుల గడిలో ఇంకో సున్నా వేశాను. దీనికి తోక లేదు.

మూడు వాక్యాలు చదివాను. మిగతాది చదవలేదు. అప్పుడే టీ వచ్చింది.

అక్షరం చూసి దాన్ని పేర్చిన కంపోజిటర్ ఎవరో చెప్పేవాణ్ణి నేను. ఆ చేతిరాత మా ఇంట్లోదని నాకు తెలియలేదు. నేను చూస్తుండగా భూమిక ఎన్నడూ తెలుగు రాయలేదు. ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలుసు.

గురువారం ఆ కాగితాలన్నీ వరండాలో గోడకు అంటించారు. ఎర్ర రాతలతో సహా అంటించారు. పిల్లలు తప్పుల నుంచి నేర్చుకోవాలని ప్రిన్సిపల్ మేడం పద్ధతి. నా పద్ధతీ అదే.

ఆ సాయంత్రం భూమిక బ్యాగు సోఫా మీదికి విసిరింది. అన్నం ముందు కూర్చుని ముట్టలేదు.

"ఏమైంది బిడ్డా?" అని జ్యోతిర్మయి అడిగింది.

"జడ్జి ఎవడో లొట్టపీసు గాడు మమ్మీ."

"తప్పు. గట్లంటరా?"

"మరి నాయనమ్మ మాట మాట గాదని రాసిండు! మాట గాకపోతే నాయనమ్మ ఏం మాట్లాడింది ఇన్ని రోజులు? మొరిగిందా?"

నేను పప్పు కలుపుకుంటున్నాను. కలుపుతూనే ఉన్నాను. మా ఇంట్లో పప్పును అంత బాగా ఎవరూ ఎన్నడూ కలపలేదు.

"జడ్జికి కూడా ఏదో నియమం ఉంటుంది" అన్నాను.

"నువ్వైతే ఎన్ని మార్కులేస్తుంటివి తాతా?"

"చూడకుండా ఎలా చెప్పను?"

జ్యోతిర్మయి ఫోన్ తెచ్చింది. బడి వరండాలో ఎవరో ఆ ఎర్ర రాతను ఫొటో తీశారు. కాగితం పైభాగమే పడింది. అది అప్పటికే తల్లిదండ్రుల గ్రూపులో తిరుగుతోంది. ఒక తండ్రి జడ్జిది ఏ ఊరో అడగమన్నాడు. ఇంకొకాయన మా యాసను కించపరిస్తే ఊకుంటమా అన్నాడు. నడుమ ఒకావిడ ఇంట్లో పెట్టిన మామిడికాయ తొక్కు అమ్ముతానని పెట్టింది. మళ్లీ జడ్జిని తిట్టారు. జనగామవాణ్ణి, నన్ను, వేరే రాష్ట్రానికి పంపమన్నారు.

దివాకర్ ఫోన్ తీసుకున్నాడు. ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేశాడు. తోక సున్నా దగ్గర ఆగాడు. నా వైపు చూశాడు. ఫోన్ ఇచ్చేసి అన్నం తిన్నాడు.

తర్వాత చేతులు కడుక్కునే చోట నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"బాపు."

"ఏమిటి?"

"ఆ తోక సున్న నాకెరికె. నా నోట్‌బుక్కుల నిండ గదే ఉంటుండె."

నేను చేతులు ఇంకోసారి కడిగాను.

"రేపు సాయంత్రం బులెటిన్ల జడ్జి పేరు ఏస్తరట. గంతకు ముందు నువ్వే చెప్పు పిల్లకు. నేను చెప్ప."

"నియమం ప్రకారం రేపటిదాకా చెప్పకూడదు."

"నియమాలు అమ్మకు చెప్పినవ్, సాలు" అని పోయాడు.

నన్ను తాతా అని పిలిచే పిల్ల ఒక్కతే. ఆ పిలుపు శుక్రవారం సాయంత్రం దాకా ఉంటుంది. తర్వాత ఉంటుందో లేదో నా చేతిలోనే ఉంది. చెప్పేస్తే సరిపోయేది. పొద్దున అది బూట్లు వేసుకుంటుంటే ఎదురుగా నిలబడ్డాను. "ఏంది తాతా?" అంది. "లేసు సరిగా కట్టుకో" అన్నాను.

అది బడికి పోయాక క్యాంపస్‌కు వెళ్లి ఒక రాతి బెంచీ మీద కూర్చుని వాక్యం తయారు చేశాను. ‘ఆ న్యాయనిర్ణేతను నేనే.’ వాక్యంలో తప్పు లేదు. నోటిలోంచి రాలేదు. పక్క బెంచీ మీద ఉద్యోగ పరీక్షకు చదువుతున్న కుర్రాడు నన్ను చూసి కొంచెం దూరం జరిగాడు.

రోడ్డు మీద ఏ బస్సు హారన్ వినబడినా లేచి నిలబడ్డాను. ఎవరూ తిట్టలేదు. ఎవరూ కొట్టరు. ఎదురుగా కుక్క కూడా లేదు. దీన్ని భయం అనడానికి లేదు. సరైన మాట కోసం వెతికాను. ముప్పై రెండేళ్ల అనుభవం గదా, వెంటనే దొరికింది. నేను సున్నా వేసి పంపించిన మాట.

చెప్పడం కంటే పేరు తీయించడం సులభమనిపించింది. మూడు దాటాక బడికి వెళ్లాను. కరుణ స్టాఫ్ రూములో శనివారం బహుమతుల సభకు రంగు కాగితాలు కత్తిరిస్తోంది.

"బులెటిన్‌లో నా పేరు తీసేయండి" అన్నాను.

"అయ్యో, ఎందుకు సార్? ఫొటో గూడ పెట్టినం. మంచిగొచ్చిండ్రు."

"నా మనవరాలు ఇక్కడ చదువుతుంది."

ఆమె కత్తెర కింద పెట్టింది. "ఎవలు సార్?"

"ఇరవై ఏడు."

"భూమికనా?" ఆమె రంగు కాగితాలు పక్కకు జరిపింది. "లేరన్నరు గద సార్."

"అన్నాను."

"పిల్ల నిన్న నా దగ్గరికొచ్చి ఏడ్చింది సార్. జడ్జి పెద్దమనిషి, ఆయనకు తెలుస్తదిలే అని నేనే సముదాయించిన." ఆమె తల తిప్పుకుంది. "బులెటిన్ పోయింది. రేపు ఫంక్షన్ ఉన్నదని ఇయ్యాల మూడింటికే పంపిండ్రు."

ఆమె ఫోన్‌లో చూశాను. చిన్న కుర్చీలో మోకాళ్ల నడుమ నా తల. కింద ‘ప్రఖ్యాత ప్రొఫెసర్ పరుశురాం గారు’. ప్రూఫ్ రీడర్ అని కరుణ రాసిస్తే ఆఫీసులో ఎవరో ప్రొఫెసర్ అని దిద్దారట. అలవాటుగా లెక్కపెట్టాను. ఆ వారం బులెటిన్‌లో పన్నెండో తప్పు నేను.

ఇంటికి వెళ్లాను. జ్యోతిర్మయి తలుపు తీసి, టీ పెట్టి లోపలికి పోయింది. మిక్సీ కూడా వేయలేదు. భూమిక గది తలుపు మూసి ఉంది. బయట నిలబడి నా వాక్యం చెప్పాను. అప్పుడు చక్కగా వచ్చింది.

లోపలి నుంచి జవాబొచ్చింది. "నిన్న అడిగితే సూడలే అన్నవ్."

"చూడలేదు అనలేదు. చూడకుండా ఎలా చెప్పను అన్నాను. రెండింటికీ తేడా ఉంది."

పదేళ్ల పిల్లకు క్షమాపణ చెప్పడానికి వెళ్లి వ్యాకరణం చెప్పి వచ్చాను.

రాత్రంతా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. తప్పు నలుగురిలో జరిగింది కాబట్టి నలుగురిలోనే దిద్దాలి. నాకు తెలిసిన పని దిద్దడం. దాంతో పిల్ల మనసు మారుతుందనుకున్నాను.

శనివారం సభకు ముందే వెళ్లి వరండాలో గోడ మీద నుంచి ఇరవై ఏడో నంబరు తీసి జేబులో పెట్టుకున్నాను. ముందుగా చదవలేదు. చదవడంలో నాకు అభ్యాసం అక్కర్లేదనుకున్నాను.

హాలు నిండింది. రెండో వరుసలో దివాకర్, జ్యోతిర్మయి, నడుమ భూమిక. నాకు శాలువా కప్పారు. ప్రిన్సిపల్ మేడం ప్రొఫెసర్ అని మూడుసార్లు అంది. మైకు నా చేతికిచ్చి రెండు మాటలు చెప్పమంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. పంతులు ముందర అలాగే నిలబడేవాణ్ణి. మైకు చంకలోకి పోయింది. పిల్లలు నవ్వారు.

"నేను ప్రొఫెసర్‌ను కాను. ప్రూఫ్ రీడర్‌ను" అన్నాను. వినయమనుకుని చప్పట్లు కొట్టారు.

"ఇరవై ఏడో నంబరు కాగితానికి సున్నా వేశాను. మూడు వాక్యాలు చదివి వేశాను. అది నా తప్పు. ఇప్పుడు మొత్తం చదువుతాను."

హాలు సద్దుమణిగింది. భూమిక తల ఎత్తింది. నేను చదివాను.

"బుగులు అంటే భయం గాదు. కుక్కను జూస్తె అయ్యేది భయం. కుక్క లేకున్నా అయ్యేది బుగులు. ఈ మాట మా నాయనమ్మది. నాయనమ్మ మస్తు ముచ్చట్లు చెప్తుండె. మేమిద్దరం బియ్యం ఏరుకుంట ఒకటే నవ్వుతుంటిమి."

నా నోట ఆ మాటలు అచ్చు అక్షరాల్లా గట్టిగా పలికాయి. వెనక వరుసల్లో నవ్వారు. పరవాలేదనుకున్నాను. అలాగే చదివాను.

"ఆరు గొట్టంగ గేటు సప్పుడైతే నాయనమ్మ ఊకుంటుండె. ఏమైంది అంటే, బుగులైతున్నది బిడ్డా అంటుండె."

అక్కడ ఆగాను.

ఆ రోజుల్లో నేను రిటైరై నల్లకుంటలో ఒక డీటీపీ సెంటర్‌లో ప్రూఫులు చూసేవాణ్ణి. ఆరింటికి ఇంటికొచ్చేవాణ్ణి. ఆరింటికి మా గేటు తీసేది నేనొక్కణ్ణే.

నేను పోచమ్మను ఎన్నడూ కొట్టలేదు. దిద్దాను, అంతే. ‘ఆడ’ అంటే ‘అక్కడ’ అని దిద్దాను. ‘వోయిండు’ అంటే ‘వెళ్లాడు’ అని దిద్దాను. వడ్డిస్తుంటే దిద్దాను, చుట్టాల ముందర దిద్దాను, ఆసుపత్రిలో డాక్టరుకు నొప్పి ఎక్కడో చెబుతుంటే దిద్దాను. కొన్నేళ్లకు ఆమె మాటల్లో తప్పులు తగ్గాయి. తర్వాత అసలు లేవు. నా చేతిలో బాగుపడిందని గర్వపడ్డాను. ఆమె తప్పులు మానలేదు. నా ముందర మాటలు మానింది. ఆ తేడా పట్టుకోలేని నన్ను ప్రెస్సులో పెద్ద ప్రూఫ్ రీడర్ అనేవారు.

హాల్లో ఎవరో దగ్గారు. "కంటిన్యూ సార్" అని ప్రిన్సిపల్ మేడం మెల్లగా అంది. కాగితం మీద ఇంకా రెండు మూడు వరసలున్నాయి. అక్షరాలు కనబడుతున్నాయి. చదవలేదు.

భూమిక లేచింది. మెట్లెక్కి వచ్చింది. నా చేతిలోంచి కాగితం లాక్కుంది. మైకు దగ్గరే ఉంది కాబట్టి అందరికీ వినబడింది.

"గిది నా కాయితం. నన్ను అడగలే."

అది నిజం. సున్నా వేసేటప్పుడు అడగలేదు, గోడ మీద నుంచి తీసేటప్పుడూ అడగలేదు. భూమిక కాగితం మడిచి, దిగి, తన కుర్చీలో కూర్చుంది. ఆకుపచ్చ గౌన్లు వేసుకున్న పిల్లలు డప్పులు పట్టుకుని స్టేజీ మీదికి వచ్చేశారు. నేను వాళ్ల నడుమ కాసేపు ఉన్నాను. ఎటు దిగాలో చెప్పేవాళ్లు లేకపోయారు.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో జ్యోతిర్మయి అడిగింది. "మామయ్యా, నడుమల ఎందుకాపిండ్రు?"

"కళ్లద్దాలు మసకబారాయి."

దివాకర్ అడగలేదు. వాడికి ఆ గేటు తెలుసు. భూమిక బయటికి చూస్తూ కూర్చుంది. ఇల్లు రాగానే దిగి, నాకు దారి ఇచ్చి, "ఆఫ్టర్ యూ, గ్రాండ్‌ఫాదర్" అంది. అప్పటి నుంచి అంతే. ఇంగ్లీషులో అది మాట్లాడే వాక్యాల్లో నేను పట్టగలిగే తప్పు ఒక్కటీ లేదు. నాకు అంత ఇంగ్లీషు రాదు.

దాని నాయనమ్మ ఎవరికి జడిసి మాట ఆపేదో దానికి తెలుసో లేదో నాకు తెలియదు. అడుగుదామంటే మా ఇద్దరి నడుమ అడిగే భాష లేదు. ఆ కాగితంలో మిగిలిన వరసలు దాని దగ్గరే ఉన్నాయి. అది దాని సొత్తు. చూపించమని అడగను.

కరుణ క్యాంపస్‌లో రెండుసార్లు కనబడి ఆ రోజు ఏమైందని అడిగింది. గ్రూపులోనూ ఇంకా అడుగుతున్నారట. ఉన్నది ఇక్కడ రాశాను. చదువుకున్నవాళ్లు చదువుకోండి. దీని గురించి ఇంట్లో అడిగినా, బయట అడిగినా, ఏ భాషలో అడిగినా, నేను మళ్లీ మాట్లాడను.